కూలి నీది, మెసేజి ఎవరి ఫోన్‌కి వస్తాంది?

ప్రశ్న: అక్కా నమస్తే. మాది అనంతపురం జిల్లా, రాయదుర్గం పక్కన పల్లె. నాకు 38 ఏళ్ళు, టెన్త్ పాసయినా. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జీన్స్ ప్యాంట్లు కుడతా, కాంట్రాక్టరు కట్ పీసులు తెచ్చిచ్చి కుట్టినాక తీసుకపోతాడు, పీసుకు ఇంత అని లెక్క. డబ్బులు మా ఆయన ఫోన్‌కి ఫోన్‌పే కొడతాడు. నా దగ్గర కీప్యాడ్ ఫోనే. సంఘం మీటింగ్ అన్నా వాట్సాప్‌లోనే పెడతాండారు, ఎవరో ఒకరు చెప్తే నాకు తెలుస్తాది. మా పాప అనంతపురంలో హాస్టల్లో ఉండి బీకాం కంప్యూటర్స్ ఫైనల్ ఇయర్ చదువుతాంది, దానికీ టచ్ ఫోన్ వద్దంటాడు వాళ్ళ నాయన, ఫోన్ ఇస్తే ఆడపిల్లలు చెడిపోతారని. బాబు ఇంటర్, వానికి మాత్రం ఉంది. ఏదన్నా అడిగితే నీకు అర్థం కాదులేమ్మా అని ఫోన్ లాక్కుంటాడు. రాయదుర్గంలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో 3 నెలల కంప్యూటర్ కోర్సు 6,000 అంటాండారు, చేరమంటావా? ఇంకోటి, మా సంఘంలో ఒకామెకి ఏదో లింక్ నొక్కితే 18,000 పోయినాయి, అప్పటి నుంచి ఫోన్ అంటేనే మా అందరికీ భయం పట్టుకుంది. నా పేరు వేయొద్దక్కా.

సమాధానం:

చెల్లెమ్మా, కోర్సులో ఇప్పుడైతే చేరొద్దు. ఆ 6,000 నీ దగ్గరే పెట్టుకో, ఏం చేయాలో తర్వాత చెప్తా. నువ్వు కోర్సు గురించి అడిగినావు, లింకు గురించి అడిగినావు, పాప గురించి అడిగినావు, కానీ అసలు సంగతి మధ్యలో ఒక్క లైన్లో రాసేసి దాటిపోయినావు, డబ్బులు మా ఆయన ఫోన్‌కి ఫోన్‌పే కొడతాడు అని. కుట్టేది నువ్వు, నడుము నొప్పి నీకు, పీసులెన్నో లెక్క పెట్టేది నువ్వు, వారానికి ఎంత పడిందో మాత్రం ఆయన చెప్తే గానీ నీకు తెలీదు. కంప్యూటర్ నేర్చుకోవడం కంటే ముందు ఇది సరి చేసుకోవాల. మీ ఆయన మంచోడు కాదని నేను అనడంలేదు, నీ ఉత్తరంలో అట్లాంటిది ఏం కనపడలేదు కూడా. చేతిలో ఫోన్ ఉన్నది ఆయనకే కాబట్టి అలవాటుగా అట్ల జరిగిపోతాంది అంతే. మన వైపు శానా ఇళ్ళల్లో ఇదే కథ.

దీనికి నీకు టచ్ ఫోన్ అక్కర్లేదు, ఇది శానా మందికి తెలీదు. కాంట్రాక్టరు తన ఫోన్‌పేలోంచే నేరుగా బ్యాంకు అకౌంట్‌కి కూడా పంపొచ్చు, అకౌంట్ నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ ఒక్కసారి ఎక్కించుకుంటే చాలు, ప్రతిసారీ కొట్టే పని కూడా లేదు. ఆ రెండూ నీ పాస్‌బుక్ మొదటి పేజీలోనే ఉంటాయి. నీకు అకౌంట్ లేదని మాత్రం అనొద్దు, డ్వాక్రాలో ఉన్నావు కాబట్టి ఏదో ఒక బ్యాంకులో నీ పేరు మీద పొదుపు ఖాతా ఉండే ఉంటాది, లేకుంటే 2014లో జన్‌ధన్ అని తెరిపిచ్చినారు కదా అది ఉంటాది. పైగా మీ బాబు ఇంటర్ అంటాండావు, 2025 జూన్‌లో తల్లికి వందనం 13,000 మీకు వచ్చి ఉంటే అది తల్లి అకౌంట్లోనే పడి ఉంటాది, అంటే నీ అకౌంట్ బతికే ఉందని అర్థం. ఆ డబ్బులు పడినట్టు మెసేజి ఎవరి ఫోన్‌కి వచ్చిందో గుర్తు తెచ్చుకో ఒకసారి.

నీ ఫోన్‌కి రాలేదా? అయితే ఆ అకౌంట్‌కి లింకైన నంబరు నీది కాదు. అకౌంట్ తెరిచేటప్పుడు పక్కన ఎవరుంటే వాళ్ళ నంబరు రాసేస్తారు, మొగుడిదో, అన్నదో, ఒక్కోసారి సంఘం లెక్కలు చూసే యానిమేటర్‌ది కూడా. ఇంకా ఘోరం ఏందంటే ఎప్పుడో పారేసిన సిమ్ నంబరు ఉండటం. రీచార్జ్ చేయకుండా వదిలేసిన నంబరు కొన్నాళ్ళకు కంపెనీవాళ్ళు ఇంకొకరికి ఇచ్చేస్తారు, అప్పుడు నీ బ్యాంకు మెసేజిలు, ఓటీపీలు ఎవరో ముక్కూ మొహం తెలీనోల్లకి పోతాంటాయి. కాబట్టి పాస్‌బుక్, ఆధార్ తీసుకుని బ్రాంచికి పో, మొబైల్ నంబరు మార్చే ఫారం అడుగు, ఇప్పుడు నీ చేతిలో ఉన్న కీప్యాడ్ ఫోన్ నంబరు రాసిచ్చి సంతకం పెట్టు. బ్యాంకులో రేపు రా ఎల్లుండి రా అంటారు, పోవాల. ఆధార్‌లో కూడా ఏ నంబరుందో చూసుకో, అది కూడా నీదే ఉండాల, ఏంటికంటే ఇప్పుడు సగం పనులు ఆధార్ ఓటీపీ మీదే నడుస్తాండాయి. ఆధార్ సెంటర్లో వేలిముద్ర వేస్తే మారుస్తారు, చిన్న ఫీజు ఉంటాది, రసీదు తీసుకో. సిమ్ ఎవరి పేరు మీద ఉందో కూడా చూసుకో, ఆయన పేరు మీద ఉంటే నీ పేరుకి మార్పించుకోవడం మంచిది.

ఇంగ మీ ఆయనకు ఎట్ల చెప్పాల అనేది. నా డబ్బులు నాకే అని మొదలుపెడితే కొట్లాటే అవుతాది, అది నిజమే అయినా కూడా. ఇట్ల చెప్పి చూడు. నా అకౌంట్లో ప్రతి వారం డబ్బులు పడినట్టు కనపడితే రేపు ఇంకో మిషన్‌కి బ్యాంకులో చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర లోను అడగొచ్చు, దాంట్లో శిశు అని 50,000 దాకా ఇస్తారు, బ్యాంకోళ్ళు మొదట చూసేది స్టేట్‌మెంటే, ఖాళీ పాస్‌బుక్ తీసుకపోతే ఏమిస్తారు అని. ఇది ఆయన్ని మాయ చేయడానికి చెప్పేది కాదు, నిజంగానే అంతే. మీ ఇంట్లో ఏడాదికి కుట్టు మీద ఎంత వస్తాందో ఇప్పుడు ఏ కాగితం మీదా లేదు, అదంతా ఆయన లావాదేవీల్లో కలిసిపోయింది. ఆయన కాదు కూడదంటే మొదట సగం అన్నా నీ అకౌంట్‌కి వేయించు. నువ్వు అడిగినందుకు చెయ్యి చేసుకునే మనిషైతే మాత్రం అది వేరే సంగతి, అప్పుడు ఫోన్ గురించి కాదు ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసే విషయం, కీప్యాడ్‌లోంచి కూడా కలుస్తాది, ఫ్రీ.

కీప్యాడ్ ఫోన్‌ని తక్కువ చేసి చూడొద్దు. డబ్బు పడితే మెసేజి వస్తాది, అది చదవడానికి నీ టెన్త్ చదువు చాలు. బ్యాలెన్స్ చూడాలంటే, డబ్బు పంపాలంటే స్టార్ 99 హ్యాష్ కొడితే మెనూ వస్తాది, నెట్ లేకున్నా పనిచేస్తాది, మొదటిసారి పిన్ పెట్టుకోవడానికి నీ ఏటీఎం కార్డు కావాల. 2022లో రిజర్వు బ్యాంకు 123పే అని కీప్యాడ్ ఫోన్ల కోసమే యూపీఐ తెచ్చింది, దాంట్లో ఫోన్ చేసి కూడా డబ్బులు పంపొచ్చు. నిజం చెప్పాలంటే అంత సుఖంగా ఉండదు, ఆ మెనూలు చూసుకుంటా పోతే విసుగొస్తాది, కానీ బ్యాలెన్స్ చూసుకునేదానికి మాత్రం ఇంకొకర్ని అడిగే పని తప్పుతాది కదా.

రెండు మూడు నెలలు నీ కూలి నీ అకౌంట్లో పడినాక, అప్పుడు ఆ 6,000కి రోంత కలిపి ఒక టచ్ ఫోన్ కొనుక్కో. నీ డబ్బుతో, నీ పేరు మీద బిల్లుతో. సెకండ్ హ్యాండ్ అయితే తెలిసిన షాపులోనే కొను, బిల్లు లేకుండా తీసుకోవద్దు, దొంగ ఫోన్ అయితే మళ్ళ స్టేషన్ చుట్టూ తిరగాల. అంతవరకు ఆగలేను అంటే ఆయన ఫోన్లో రెండో సిమ్ స్లాట్ ఖాళీగా ఉంటే నీ సిమ్ వేసుకుని నీ వాట్సాప్ పెట్టుకోవచ్చు, 2023 చివర్నుంచి ఒకే ఫోన్లో రెండు నంబర్లకు రెండు వాట్సాప్‌లు పెట్టుకునే వీలు వచ్చింది, సంఘం మెసేజిలైనా నేరుగా చూసుకుంటావు. కానీ అప్పుడు నీ ఓటీపీలు కూడా ఆ ఫోన్‌కే వస్తాయి, సాయంత్రం ఆయన ఇంటికొస్తే గానీ నువ్వు చూసుకోలేవు. నాకైతే అది అంత నచ్చదు, తాత్కాలికం అనుకో.

కోర్సు ఏంటికి వద్దన్నానంటే ఆ 3 నెలల్లో వాళ్ళు చెప్పేది ఎంఎస్ ఆఫీస్, పెయింట్, టైపింగ్, ఇంటర్నెట్ అని చివర్లో రెండు క్లాసులు. నీకు ఇంట్లో కంప్యూటరే లేదు, ఎక్సెల్లో ఫార్ములా వేయడం నేర్చుకుని ఇంటికొచ్చి మళ్ళ కీప్యాడ్ ఫోన్ పట్టుకుంటే నెలలో మర్చిపోతావు. చివర్లో లామినేషన్ చేసిన సర్టిఫికెట్ ఒకటి ఇస్తారు, అది గోడకు తగిలించుకోవడానికి. ఆఫీసులో ఉద్యోగానికి పోయే ఆలోచన ఉంటే వేరే సంగతి, నువ్వు అట్ల రాయలేదు. ఇంకోటి, ప్రధానమంత్రి స్కీమ్ కింద డిజిటల్ సాక్షరత సర్టిఫికెట్ ఇప్పిస్తామని ఎవరన్నా డబ్బులు అడిగితే ఇవ్వొద్దు. పీఎంజీదిశ అని 2017లో పెట్టినారు, పల్లెల్లో ఇంటికొకరికి ఫ్రీగా 20 గంటలు నేర్పించే స్కీమ్, అది 2024 మార్చితోనే అయిపోయింది, నడిచినన్నాళ్ళు కూడా నేర్చుకునేవాళ్ళు రూపాయి కట్టే పని లేకుండె. నిజంగా శిక్షణ కావాలంటే ప్రతి జిల్లాకూ ఆర్‌సెటి అని బ్యాంకువాళ్ళు నడిపేది ఉంటాది, పల్లెల్లోని వాళ్ళకు టైలరింగ్, కంప్యూటర్ అకౌంటింగ్ లాంటివి భోజనం పెట్టి, పడుకునేదానికి చోటిచ్చి ఫ్రీగానే నేర్పిస్తారు, మీ యానిమేటర్‌ని గానీ, సంఘాల పని చూసే సీసీని (కమ్యూనిటీ కోఆర్డినేటర్) గానీ అడిగితే ఈ సారి బ్యాచ్ ఎప్పుడో కనుక్కుని చెప్తారు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు టికెట్ లేదు, అనంతపురం పోయొచ్చే ఖర్చు కూడా ఉండదు, ఆధార్ చూపిస్తే చాలు. బస్సు ఖర్చుకు కూడా ఇంట్లో చెయ్యి చాపాల్సిన ఆడవాళ్ళకు ఇది చిన్న సంగతేం కాదు, నేనైతే చిన్నదని అనను.

మరి ఫోన్ ఎవరు నేర్పిస్తారు అంటావా. మీ బాబు నేర్పిస్తాడు, కానీ ఒక షరతు మీద. వాడు చెప్పాల, నువ్వు చెయ్యాల, ఫోన్ నీ చేతిలోనే ఉండాల. నీకు మిషన్ నేర్పించినామె తనే కుట్టి చూపిచ్చి పంపించేసి ఉంటే ఇవ్వాళ నీకు ఒక్క కుట్టు వచ్చి ఉండేది కాదు కదా, ఇదీ అంతే. ఈ కాలం పిల్లోల్లకు ఓపిక తక్కువ, టకటకా నాలుగు చోట్ల నొక్కి ఇదిగో అయిపోయింది అంటారు, అప్పుడు గమ్మున ఊరుకోవద్దు, మొదటికి తీసుకురా నేను నొక్కుతా అను. అర్థం కాదులేమ్మా అంటే, అర్థమయ్యేటట్టు చెప్పడం నీకు రాదా అని అడుగు. పదిసార్లు అడిగించుకోనీ, వాడు ఎన్నిసార్లు అడిగితే నువ్వు అఆలు దిద్దించినావు!

మొదట చేయాల్సింది ఫోన్ భాష తెలుగులోకి మార్చడం, సెట్టింగ్స్‌లో లాంగ్వేజ్ అని ఉంటాది. మెనూ అంతా తెలుగులో వస్తే సగం భయం పోతాది. పిల్లోల్లు నవ్వుతారు, ఆ తెలుగు కూడా కొన్ని చోట్ల వింతగానే ఉంటాది, అయినా నీకు ఇంగ్లీషు కంటే మేలే. రెండోది మైకు. కీబోర్డులో తెలుగు పెట్టుకుని మైకు గుర్తు నొక్కి మాట్లాడితే అదే టైప్ చేసుకుంటాది, గూగుల్‌లో, యూట్యూబ్‌లో కూడా అంతే. మన యాస రోంత సతాయిస్తాది దాన్ని, చెనక్కాయలు అంటే ఇంకేదో రాస్తాది, ఓపిగ్గా మళ్ళ చెప్పు. జూకీ మిషన్‌లో దారం తెగుతాంది ఏం చేయాల అని యూట్యూబ్‌లో మైకులో అడిగి చూడు, మెకానిక్ రాయదుర్గం నుంచి వచ్చేలోపల నువ్వే సగం రిపేర్లు చేసుకుంటావు. ఫోన్ నేర్చుకోవడం అంటే ఇదే, నీకు అవసరమైన పని ఒకటి పట్టుకుని అది అయ్యేదాకా వదలకపోవడం, ఆ తర్వాత ఇంకొకటి.

నీ పనికి ఇంకోటి చెప్తా, ఇది మాత్రం తప్పకుండా చెయ్యి. కాంట్రాక్టరుకు పీసులు ఇచ్చిన ప్రతిసారీ కట్టల ఫోటో ఒకటి, నోటుబుక్కులో రాసిన లెక్క ఫోటో ఒకటి తీసి అక్కడే ఆయప్ప వాట్సాప్‌కి పంపు, ఇవ్వాళ ఇన్ని ఇచ్చినా, పీసుకు ఇంత, మొత్తం ఇంత అని. తేదీ, టైము దానంతట అదే పడతాది. నెల తిరిగినాక నూట ఇరవయ్యే ఇచ్చినావు, నూట యాభై కాదు అనే వాదన రాదు. డ్యామేజీ అని కోసేది కూడా ఏ పీసుకు కోస్తాండాడో ఫోటో పెట్టమను. బళ్ళారి, రాయదుర్గం జీన్స్ పనిలో ఇంట్లో కుట్టే ఆడవాళ్ళకు ఏ కాగితమూ ఉండదు, హాజరు పట్టీ ఉండదు, ఈ ఫోటోలే నీకు కాగితం. అట్లనే ఈ-శ్రమ్ కార్డు లేకుంటే చేయించుకో, 2021లో అసంఘటిత కార్మికుల కోసం పెట్టినారు, 16 నుంచి 59 ఏళ్ళ వాళ్ళకు, రిజిస్ట్రేషన్ ఫ్రీ, దాంట్లో నీ వృత్తి కుట్టుపని అని రాయించు, గృహిణి అని రాయనియ్యొద్దు.

గవర్నమెంటు పనులకు మన మిత్ర అని వాట్సాప్ నంబరు ఉంది, 95523 00009, 2025 జనవరి 30న 161 సర్వీసులతో మొదలుపెట్టినారు. హాయ్ అని పెడితే తెలుగులోనే అడుగుతాది, సర్టిఫికెట్లు, కరెంటు బిల్లు, బస్సు టికెట్లు అన్నీ ఉంటాయి. సేవ్ చేసి పెట్టుకో. అదే పేరుతో వేరే నంబర్ల నుంచి ఎవరన్నా మెసేజి పెడితే మాత్రం జవాబు ఇవ్వొద్దు.

భయం గురించి. మీ సంఘంలో ఆమెకు జరిగింది చూసి ఫోన్ మానేస్తామనడం న్యాయంగానే అనిపిస్తాది కానీ, మోసపోయేది ఎక్కువగా ఫోన్ సగం తెలిసినోల్లు, అడగడానికి సిగ్గుపడేటోల్లు. గుర్తు పెట్టుకోవాల్సింది శానా తక్కువ. డబ్బు తీసుకునేదానికి పిన్ అక్కర్లేదు, పిన్ కొట్టినావంటే డబ్బు నీ నుంచి పోతాంది అనే అర్థం, ఎదుటోడు ఎన్ని చెప్పినా సరే. క్యూఆర్ స్కాన్ చేసేది కూడా ఇచ్చేదానికే, తీసుకునేదానికి కాదు. ఓటీపీ బ్యాంకు మేనేజరే అడిగినా చెప్పొద్దు. వాట్సాప్‌లో పెళ్ళి పత్రిక అనో, ట్రాఫిక్ చలానా అనో, పీఎం కిసాన్ లిస్టు అనో ఫైలు వస్తాది, పేరు చివర్లో ఏపీకే అని ఉంటే దాన్ని ముట్టుకోవద్దు, పెళ్ళి పత్రిక ఎప్పుడూ ఫోటోగానో పీడీఎఫ్‌గానో వస్తాది గానీ యాప్ లాగా రాదు. తెలిసినోల్ల నంబర్ నుంచి వచ్చినా అంతే, ఏంటికంటే వాళ్ళ ఫోన్ అప్పటికే దొంగల చేతిలో ఉండొచ్చు. పోలీసు డ్రెస్సులో వీడియో కాల్ చేసి నిన్ను డిజిటల్ అరెస్టు చేసినాం అంటారు, అట్లాంటి అరెస్టు మన చట్టంలోనే లేదు, ఫోన్ పెట్టేసెయ్. అయిదు నిమిషాల్లో లోను అనే యాప్‌లు మాత్రం అస్సలు వద్దు చెల్లెమ్మా, అవి ఫోన్లోని ఫోటోలు, నంబర్లు అన్నీ లాక్కుని తర్వాత బెదిరిస్తాయి, నీకు అవసరం వస్తే సంఘం ఉంది, సంఘాల ఆడవాళ్ళకు లోన్లిచ్చే స్త్రీనిధి ఉంది.

ఆ 18,000 పోయినామె సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసిందా? నువ్వు రాయలేదు కానీ చేసి ఉండదని నా అనుమానం, ఇంట్లో తిడతారని దాచిపెట్టి ఉంటాది, నాలుగు రోజులు ఏడ్చినాక చెప్పి ఉంటాది. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే 1930కి చెప్తే ఆ డబ్బు దొంగోడి అకౌంట్లోంచి బయటికి పోకముందే ఆపడానికి చూస్తారు, గంటలు గడిచే కొద్దీ ఆశ తగ్గిపోతాది. బ్యాంకుకు కూడా వెంటనే చెప్పి కంప్లెయింట్ నంబరు తీసుకోవాల. 2017లో రిజర్వు బ్యాంకు పెట్టిన రూలు ప్రకారం మనం బ్యాంకుకు చెప్పిన తర్వాత కూడా ఆ మోసంలో డబ్బు పోతే ఆ నష్టం బ్యాంకుదే, మనది కాదు. కాబట్టి ఇంట్లో వాళ్ళు తిట్టేది ఎట్లైనా తప్పదు, 1930కి చేసినాక తిట్టించుకోండి.

వీలుంటే ఆమెనే వచ్చే సంఘం మీటింగులో ఎట్ల జరిగిందో చెప్పమనండి, ఏ మెసేజి వచ్చింది, యాడ నొక్కింది, తర్వాత ఏమైంది అని. బలవంతం మాత్రం వద్దు, ఎవురూ ఎక్కిరించకుండా లీడరు చూసుకోవాల. యూట్యూబ్‌లో వంద వీడియోలు చూసేదానికంటే మన పక్కన కూర్చునే మనిషి నోటితో వింటే బుర్రకు ఎక్కుతాది. ఎట్లాగూ పొదుపు కట్టేదానికి కూర్చుంటారు కదా, ఇంకో పది నిమిషాలు కూర్చుని ఎవరికేం మెసేజిలు వచ్చినాయో చూసుకోండి. సంఘం పొదుపు, లోను లెక్కలు కూడా ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే ఎక్కిస్తాండారు కదా, నా పేరు మీద ఎంత పొదుపు ఉంది, ఎంత లోను కట్టినట్టు ఉంది చూపించమ్మా అని యానిమేటర్‌ని అడగండి. అడిగితే తప్పేం లేదు, మంచి యానిమేటర్ అయితే సంతోషంగా చూపిస్తాది, విసుక్కునేటోల్లనైతే ఇంకా గట్టిగా అడగాల.

పాప సంగతికి వస్తా. ఇంటర్ చదివే వానికి ఫోన్ ఉంది, డిగ్రీ ఫైనల్ ఇయర్ పిల్లకు, అది కూడా కంప్యూటర్స్ చదివే పిల్లకు లేదు. ఇది మీ ఇంటి కథ ఒక్కటే కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఒక్కసారన్నా ఇంటర్నెట్ వాడినామని చెప్పిన ఆడవాళ్ళు నూటికి 21 మంది, మగవాళ్ళు 49 దగ్గర. ఇన్ని ఇంజినీరింగ్ కాలేజీలు పెట్టుకుని, ఇంటికొక పిల్లోన్ని అమెరికా పంపాలని చూసే రాష్ట్రంలో ఈ లెక్క! సర్వే తర్వాత ఫోన్లు పెరిగినాయి, నిజమే, పెరిగిన ఫోన్లు ఎవరి జేబుల్లో ఉండాయో మీ ఇల్లే చెప్తాంది.

మీ ఆయనకు ఒకటి అడుగు. డిగ్రీ అయినాక పాప ఏం చేయాల? బ్యాంకు పరీక్ష రాయాలన్నా, ఏపీపీఎస్సీకి అప్లై చేయాలన్నా, ఐసెట్ రాసి ఎంబీఏనో ఎంసీఏనో చదవాలన్నా అన్నీ ఆన్‌లైనే, ప్రతిదానికీ ఓటీపీ ఫోన్‌కే. ఇప్పుడు ఆ ఓటీపీ నాయన ఫోన్‌కి వస్తే పాప హాస్టల్లోంచి ఫోన్ అడుక్కుని చేసి నాయనా ఆరంకెలు చెప్పు అని అడగాల, ఆయన పొలంలోనో బండి మీదో ఉంటే పది నిమిషాల్లో ఆ ఓటీపీ చెల్లదు. నెట్ సెంటర్‌కి పోతే ఆ పిల్లోడు తన నంబరు, తన ఈమెయిల్ కొట్టేస్తాడు, హాల్‌టికెట్ డౌన్‌లోడ్ చేసే రోజు ఆ సెంటర్ మూసుంటే పరీక్ష పోయినట్టే. చదువుకు లక్షలు పెట్టి పదివేల ఫోన్ దగ్గర ఆగిపోవడం ఏం లెక్కో నాకర్థం కాదు.

చెడిపోతారు అనే మాట గురించి కూడా ఆయనతో మొహమాటం లేకుండా మాట్లాడాల్సిందే. ఆయన భయం ఉత్తదేం కాదు, ఫోటోలు మార్ఫింగ్ చేసి బెదిరించే నా కొడుకులు ఉండారు. కానీ ఫోన్ లేని పిల్ల ఫోటో కూడా ఫ్రెండ్ పెళ్ళి వీడియోలోంచో, కాలేజీ గ్రూపు ఫోటోలోంచో తీసుకోవచ్చు కదా, ఫోన్ లేకుంటే ఆ పిల్లకు ఆ సంగతి తెలిసేది ఆఖర్న. పాపకు తెలియాల్సింది ఏందంటే, బెదిరిస్తే డబ్బు ఇవ్వకూడదు, చాటింగ్ డిలీట్ చేయకూడదు, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోవాల. సైబర్ క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే పోర్టల్‌లో ఆడవాళ్ళ మీద ఇట్లాంటి ఫోటోలు, వీడియోల కేసులకు పేరు చెప్పకుండా కూడా కంప్లెయింట్ ఇవ్వొచ్చు. 18 దాటినోల్లకు స్టాప్ ఎన్‌సీఐఐ అని ఒక సైట్ ఉంది, దాంట్లో ఫోటో మన ఫోన్లోంచి బయటికి పోదు, దాని డిజిటల్ గుర్తు మాత్రం పోతాది, దాంతో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటివాళ్ళు ఆ ఫోటో వాళ్ళ దగ్గర పెట్టకుండా ఆపుతారు. అన్నిటికంటే ముఖ్యం, ఏమన్నా అయితే మా అమ్మకు చెప్పొచ్చు అనే ధైర్యం ఆ పిల్లకు ఉండాల. అది నువ్వు ఇప్పుడే చెప్పి పెట్టు, ఏం జరిగినా నిన్ను తిట్టను, ముందు నాకే చెప్పు అని. ఆ మాట ఆయన ముందరే చెప్తే ఇంకా మంచిది.

ఫోన్ ఇచ్చినాక పాప రీల్స్ చూస్తాది, చూడనీ, నీ కొడుకు చూడటంలా. చదువు పనికి ఐఐటీ బాంబే వాళ్ళ స్పోకెన్ ట్యుటోరియల్ అని ఉంది, సాఫ్ట్‌వేర్లు నేర్పించే చిన్న చిన్న వీడియోలు, శానావాటికి తెలుగు ఆడియో కూడా ఉంటాది, అంతా ఫ్రీ. స్వయం అనే గవర్నమెంటు పోర్టల్‌లో కోర్సులు ఫ్రీగా వినొచ్చు, సర్టిఫికెట్ పరీక్ష రాయాలంటేనే ఫీజు. బీకాం కాబట్టి లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేరు, జీఎస్టీ ఎంట్రీలు బాగా పట్టుకోమను, 2017లో జీఎస్టీ వచ్చినప్పటి నుంచి మన ఊర్లల్లో బట్టల షాపోల్లకు, జీన్స్ పెట్టించేటోల్లకు కూడా ఆ లెక్కలు చేసే మనిషి కావాల్సి వస్తాంది, రాయదుర్గంలోనే పని దొరకొచ్చు. ఆ మాట చెప్తే మీ ఆయన కూడా రోంత మెత్తబడతాడేమో, పిల్ల బెంగళూరు పోతాది అనే భయం కూడా ఉంటాది కదా నాయనలకు.

సిమ్ మాత్రం పాప పేరు మీదే తీసుకోండి, 18 నిండినాయి కాబట్టి తన ఆధార్‌తోనే ఇస్తారు. వేలిముద్ర రెండుసార్లు ఎందుకు వేయిస్తాండావు అని షాపోన్ని అడగమను, ఒక్కోసారి మొదటిది పడలేదని చెప్పి ఇంకో సిమ్ తీసి అమ్ముకుంటారు. సంచార్ సాథి పోర్టల్‌లో నంబరు కొట్టి ఓటీపీ ఇస్తే మన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉండాయో కనపడతాయి, మనవి కానివి ఉంటే అక్కడే నాది కాదు అని కొట్టొచ్చు. పాప సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు తనదీ నీదీ ఇద్దరివీ చూపించమను.